రెండు నెలల ఊరు

మా ఆయన ధనరాజుకి సొంత ఊరు తెలీదు. కోపంతో అంటున్న మాట కాదిది. కోపం ఉంది, కాదనను, కానీ మాట మాత్రం నిజం. బారువలోనే పుట్టాడు, ఈ ఇసుకలోనే పొర్లాడు, మీసం సరిగా మొలవక ముందే గుజరాత్ బోట్ల మీదకి పోయాడు. అప్పట్నుంచీ ఆగస్టులో పలాసలో రైలెక్కితే మళ్లీ జూన్‌లోనే దిగడం. అక్కడ వేట ఆపేసే రెండు నెలలే ఇక్కడుంటాడు.

ఆ రెండు నెలల బారువ గురించి అడగండి, అతన్ని మించి చెప్పేవాడు లేడు. తొలకరి పడి ఇసుక చల్లబడి ఉంటుంది. మన వైపు వేట నిషేధం అప్పుడే ఎత్తేస్తారు కాబట్టి తెల్లారేసరికి ఒడ్డున బుట్టలకి బుట్టలు కానాగంత చేపలు. ఏ ఇంటి ముందు నించి నడిచినా పనసపండు వాసన. సాయంత్రం సముద్రం మీంచి గాలి మొదలైతే ఫ్యాను ఆపేసి, వాకిట్లో మంచం వేసుకుని, "ఈ గాలి కొనగలవేటే ఎక్కడైనా" అంటాడు. కొనలేం, నిజమే. అదే మనిషిని అక్టోబరు ఎలా ఉంటుందని అడిగితే "వర్సాలు పడతాయి గావాల" అంటాడు, ఏ హైదరాబాద్ వాడో చెప్పినట్టు.

మా పెళ్లి కూడా ఆ రెండు నెలల్లోనే అయింది. జ్యేష్ఠంలో తాళి కట్టాడు. ఒకరి మొహం ఒకరికి అలవాటు పడక ముందే ఆషాఢం వచ్చిందని మా అమ్మ వచ్చి నన్ను మూలపేట తీసుకుపోయింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తారింట్లో ఉండకూడదట. ఉన్నదే రెండు నెలలు, అందులో ఒకటి ఆషాఢం తినేసింది. నేను తిరిగొచ్చేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు. ఈ ఆచారం పెట్టినవాళ్లెవరో ఏడాదంతా ఇంటి పట్టునుండే మొగుళ్లని చూసి పెట్టి ఉంటారు.

మిగిలిన పది నెలలూ నావి. మాది ఒడ్డుకి దగ్గరగా రేకుల ఇల్లు, మధ్యలో నాలుగు సరుగుడు చెట్లు అడ్డం. దసరా దగ్గర పడుతోందంటే నాకు సర్దుడు మొదలు. రేకుల మీద పాత వల కప్పి, దాని అంచులకి ఇసుక మూటలు కట్టి, తాళ్లు బిగించి, ఇంట్లోవన్నీ మూటలు కట్టుకుని పలాసలో మా అక్క రాణి ఇంటికి పోతాం. అక్క జీడిపప్పు ఒలిచే పనికి పోతుంది. అద్దెకుండేది ఒకటే గది. ఆ గదిలో వాళ్లూ మేమూ కలిసి తుఫాన్ల కాలమంతా గడుపుతాం. మంచు పడ్డం మొదలయ్యాక మళ్లీ మూటలు కట్టుకుని బారువ. ఇన్నేళ్లలో ఏ గిన్నె ఏ ఊళ్లో ఉందో నాకే లెక్క తెలీకుండా పోయింది. పప్పు ఇక్కడుంటుంది, గరిటె అక్కడుంటుంది. అలసిపోయానని చెప్పుకోడానికి సిగ్గెందుకు, అలసిపోయాను.

పలాస ఎందుకు పోతామంటే తిత్లీ వల్ల. ఆ తుఫాను వచ్చినప్పుడు మా కూతురు సాహిత్య చిన్నది. దాన్నీ మా అత్తనీ పట్టుకుని బడి గదిలో దాక్కున్నాను. గాలి తలుపుని తోస్తుంటే పది మంది ఆడవాళ్లం వీపులానించి కూర్చున్నాం. తెల్లారి వచ్చి చూస్తే గోడలున్నాయి, పైన ఏమీ లేదు. కొబ్బరితోటలో చెట్లన్నీ ఒకవైపే పడి ఉన్నాయి. ధనరాజు అప్పుడు సముద్రంలో ఉన్నాడు. ఒడ్డుకొచ్చాక ఎప్పటికో ఫోన్ కలిస్తే, "అందరూ బాగున్నారా?" అన్నాడు. బాగున్నామన్నాను. ఇంకేం చెప్పను ఫోన్లో. మళ్లీ జూన్‌లో వచ్చేసరికి రేకులు వేయించేశాను, పడిన చెట్లు ఎత్తించేశారు, ఇసుక చల్లగా ఉంది. అంతా ఒకసారి కలయజూసి "తోట పలచబడిపోనాదే" అన్నాడు. అతను చూసిన తుఫాను అంతే.

ఈ ఏడు జూన్‌లో ఇంటి సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. రేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఇన్నేళ్లు దాచింది ఒక శ్లాబు ఇంటికి సరిపోతుంది, రెండింటికి చాలదు. ఈ పాత జాగాలోనే కడదామని అతను. పలాసలో అక్క ఉన్న వీధిలోనే చిన్న జాగా అమ్మకానికి ఉంది, అక్కడ కడదామని నేను.

"పలాసలో ఏటుందే కుమారీ? ఎండాకాలం శ్లాబు కింద ఉడికిపోతారు. జీడిపిక్కలు కాల్చిన పొగకి మీ యక్క దగ్గుతానే ఉంటాది," అన్నాడు.

పొగ సంగతి నిజమే. ఏప్రిల్‌లో అక్క ఇంటికి పోతే నాకూ గొంతు పట్టేస్తుంది. "ఊపిరాడని ఊరైనా నాను సద్దుకుంటాను బావా. ఊపిరి పోయే ఊరు మాత్రం వొద్దు," అన్నాను.

"రావివలస గుళ్లో ఎండల మల్లన్న సామిని సూడు. నెత్తి మీద కప్పు లేకుండా ఎండకీ వానకీ అలాగే కుసున్నాడు. ఆయనకి లేని బెంగ నీకేటి?"

"ఆయనకి బియ్యం తడిసిపోతాయన్న బాద లేదు కదా."

మా అత్త ముసలమ్మకి పేరులో తప్ప ఇంకెక్కడా ముసలితనం లేదు. ఇప్పటికీ ఒడ్డున నెత్తళ్ల చేపలు ఎండబెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని సోంపేట సంతకి పోయి అమ్ముకొస్తుంది. ఈ గొడవలో ఆమెని అడిగాం. "సముద్రానికి ఈపు సూపించి ఇల్లు కడతారేటి ఎవలైనా?" అంది. కొడుకు మొహం వెలిగింది. అది చూసి, "అలాగని నన్ను మీ జట్టులో కలుపుకోకండి. నాను ఎండ ఎటు పడితే అటు పోయి సేపలు తిప్పుకుంటాను," అని బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

జూలై అంతా అలాగే నడిచింది. అన్నం దగ్గర అదే మాట, మంచం మీద అదే మాట. ఆఖరికి విసిగిపోయి నేనే అన్నాను. "ఒక్క అక్టోబరు ఇక్కడుండి సూడు బావా. ఈసారి పలాస పోము. నువ్వూ నాతోపాటు ఈ రేకుల కిందే ఉండు. దీపావళి ఎల్లినాక కూడా ఇక్కడే కడదామంటే ఇక్కడే కట్టు, మళ్లీ నోరెత్తను."

అతను రెండు రోజులు లెక్కలు వేసుకున్నాడు. బోటు ఆగస్టులో బయల్దేరిపోతుంది, ఎవరి కోసమూ ఆగదు. చివరికి మా వీధిలో ఢిల్లీబాబుని తన బదులు ఎక్కించాడు, కార్తీకంలో తాను వెళ్లి మార్చుకునేట్టు. గెలుస్తానన్న నమ్మకం లేకపోతే అలా ఉండిపోయేవాడు కాదు. నాకూ నమ్మకమే. అక్టోబరు నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

ఈసారి చేసింది.

దసరా వెళ్లింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సముద్రం ఎవరో మందలించినట్టు కుదురుగా పడుంది. పొద్దున్నే చిన్న చలి, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం చిరుగాలి. ధనరాజు ఇసుక మీద కాళ్లు చాపుకుని, వల బాగుచేసుకునే వాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాడు. "ఇదేనా ఓలే నువ్వు బయపడే అక్టోబరు?" అని వీధి వినేలా అడిగేవాడు. వీధి నవ్వేది. ఆ నవ్విన ఆడవాళ్లందరూ తిత్లీలో నాతోపాటు తలుపుకి వీపు ఆనించిన వాళ్లే. మనుషులు ఎంత తొందరగా మర్చిపోతారో.

ఒక చిన్న వాయుగుండమైనా పుట్టకపోతుందా అని మనసులో కోరుకున్నాను. అందరి రేకులూ నా పందెం కోసం ఎగరాలని కోరుకుంటున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుని, మళ్లీ తూర్పు వైపు చూశాను.

వాన రాలేదు కానీ నాకు మాత్రం అక్టోబరు వచ్చింది. అది నా చేతిలో లేదు. ఆకు కదిలితే లేస్తాను. బయటికి పోయి తాళ్లు పట్టుకుని లాగి చూస్తాను, వదులైతే బిగిస్తాను. బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కిస్తాను, వంటకి దింపుతాను, మళ్లీ ఎక్కిస్తాను. సాహిత్య టెన్త్ సర్టిఫికెట్టూ రేషన్ కార్డూ ప్లాస్టిక్ కవరులో చుట్టి గుమ్మం పక్కన మేకుకి తగిలించాను. ఫోన్ చార్జింగ్ నిండుగా లేకపోతే గుండె దడ. పిల్ల పలాస హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది కాబట్టి దాని బెంగ లేదు, అయినా పూటపూటా ఫోన్ చేసి విసిగించాను. తిండి సయించేది కాదు. ఎవరు పలకరించినా కసిరేదాన్ని. రాత్రులు ఎలాగూ నిద్ర ఉండదు.

ధనరాజు నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాడు? జూన్‌లో నేనూ బాగుంటాను. చల్లబడిన ఊళ్లో, మొగుడు ఇంటికొచ్చిన నెలలో, పూలు పెట్టుకుని చేపల పులుసు వండే కుమారే అతనికి తెలుసు. ఆ కుమారి కూడా రెండు నెలల మనిషే. కొన్నాళ్లు వింతగా చూశాడు. తర్వాత, "ఏటి నీ రోగం?" అన్నాడు. ఇంకొన్నాళ్లకి ఆ అడగడమూ మానేసి, నేను లేచినప్పుడల్లా తానూ లేచి కూర్చునేవాడు.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నాం. ఉన్నట్టుండి గాలి తిరిగింది. అప్పటిదాకా తోట వైపు నించి వస్తున్నది ఆగిపోయి సముద్రం వైపు నించి ఒక విసురు కొట్టింది. రేకు ఒకటి టపటపలాడింది. ఎంగిలి చెయ్యి కడక్కుండానే బయటికి పరిగెత్తాను. సముద్రం చివర్న నల్లగా ఒక చార కనిపించింది. ఇసుక మూట జారి తాడు వేలాడుతోంది. దాన్ని పట్టుకుని బిగిస్తుంటే ముడి పడట్లేదు.

ధనరాజు వెనకాలే వచ్చాడు. "ఫోన్లో సూశాను. ఏటీ లేదే. రేపు కూడా ఎండే అంటంది."

"ఫోనుకి రేకులున్నాయేటి ఎగిరిపోడానికి? తప్పుకో బావా."

తప్పుకోలేదు. నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. తీసుకుని, మూట సరిగ్గా పెట్టి, పడవ కట్టేవాడు కదా, రెండు లాగుళ్లలో ముడి వేసేశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో ఏమో, గొంతు తగ్గించాడు.

"లోపలికెల్లి తొంగో. నాను సూత్తాను."

"నువ్వేటి సూత్తావు? నీకేటి తెలుసు?"

"తెలీకపోతే నిన్ను లేపుతాను. ఎల్లు."

మా అత్త లోపల్నించి, "ఎల్లి తొంగోయే తల్లీ, నువ్వొక్కర్తివి మేలుకుని ఉంటే తుపాను ఆగిపోతాదేటి," అంది.

వాళ్ల మాట విని కాదు, నిలబడలేక వెళ్లి చాప మీద వాలాను. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని లేద్దామనుకున్నాను. గుమ్మంలో అతను కూర్చున్న నీడ నేల మీద పడుతోంది. దాన్ని చూస్తూ ఉన్నాను. అంతే గుర్తుంది.

లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. నడుం నొప్పి లేదు, తల బరువు లేదు. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో విప్పి మళ్లీ సర్ది పెట్టినట్టుంది. ఈ నెలలో అలా నిద్రపోయి ఎన్నేళ్లయిందో. ధనరాజు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "ఏటీ రాలేదు. నాలుగు చినుకులు పడి పోనాయి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తుఫాను రానందుకు కాదు. ఇంత సులువైన పని, ఒక మనిషి గుమ్మంలో కూర్చోవడం, ఇన్నేళ్లూ నాకెందుకు దొరకలేదని. అతనికి కనపడకుండా దొడ్డివైపుకి పోయి మొహం కడుక్కున్నాను.

దీపావళి అయిపోయింది. తుఫాను రాలేదు. పందెం ఓడిపోయాను.

అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. గెలిచినవాడు మంచిగా ఉంటే వాడితో పోట్లాడ్డానికి కూడా కుదరదు. మాట ఇచ్చాను కదా అని నోరు మూసుకున్నాను. కార్తీకంలో మంచి రోజు చూసి, రైలెక్కే ముందే పునాదికి ముగ్గు పోయించి పోతానని మేస్త్రీ ఈశ్వరరావుని పిలిపించాడు. మేస్త్రీ పొద్దున్నే మేకులు, తాడు, సున్నం డబ్బా పట్టుకుని దిగాడు. పాత ఇంటి పక్కనే ఇసుకలో మేకులు పాతి, తాడు లాగి, దాని వెంబడి తెల్లగా సున్నం వదులుతూ పోతున్నాడు. సముద్రం వైపు గోడ గీత పూర్తయింది. ధనరాజు ఆ గీత పక్కన నిలబడి గుమ్మం ఎంత వెడల్పుండాలో చేతులు చాపి చూపించి, ఒక పక్క తానే మేకు పాతి, రెండోది చేతిలో పట్టుకున్నాడు.

నేను పక్కన నిలబడి చూస్తున్నాను. ఓడిపోయానన్న బాధ కూడా లేదు. రాబోయే అక్టోబర్లన్నీ వరుసగా కనిపిస్తున్నాయి. శ్లాబు ఎగిరిపోదు, ఆ మాట నిజమే. కానీ అలలు ఇంటి దాకా వస్తే ఆ శ్లాబు కింద ఉండేది నేనూ మా అత్తా. మళ్లీ మూటలు కట్టాలి, మళ్లీ విప్పాలి, ఈసారి కొత్త ఇల్లు వదిలేసి.

నా మొహం చూసి ధనరాజు దగ్గరకొచ్చాడు. సముదాయించడానికే వచ్చాడు, పాపం.

"ఎందుకే ఇంకా అలా ఉన్నావు? నువ్వే సూశావు కదా. ఆ రోజు మద్దేనం ఎంత హాయిగా తొంగున్నావు? గాలి కొడతన్నా కదల్లేదు. నాను లేపలేదు కూడా. ఈ ఊరు నీకు పడతాదే. నువ్వే ఊరికే బయం పెట్టుకున్నావు."

మాటిచ్చినదాన్ని. నోరెత్తనన్నాను. కానీ నా నిద్రని తెచ్చి నాకే సాక్ష్యం చూపిస్తుంటే ఎలా ఊరుకోను?

"ఊరు పడి తొంగోలేదు బావా," అన్నాను. "నువ్వు గుమ్మంలో కుసున్నావని తొంగున్నాను."

"అదే కదా నానన్నది. నాను—"

"నువ్వు రేపు ఎల్లిపోతావు."

మేస్త్రీ సున్నం వదలడం ఆపి మా వైపు చూశాడు. నేను అరవలేదు. అరవడానికి ఓపిక లేదు.

"నువ్వున్న రెండు నెల్లకీ నాకు ఇల్లే అక్కర్లేదు బావా. ఈ ఇసుకలో చాపేసినా తొంగుంటాను, పలాస పొగలో ఏసినా తొంగుంటాను. నువ్వు లేని పది నెల్లకే నాకు ఇల్లు కావాల. దాన్ని నువ్వొచ్చే కాలం సూసి కడితే ఎలాగ?"

అతను చేతిలో ఉన్న మేకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒడ్డున మా అత్త చేపలు తిరగేస్తూ మా వైపు చూస్తోంది కానీ రాలేదు. కాసేపటికి ధనరాజు ఒంగి, గుమ్మం దగ్గర తాను పాతిన మేకుని పీకి, దానికంటిన ఇసుక దులిపాడు.

"తాడు సుట్టెయ్యండి మేస్త్రీ," అన్నాడు. "పలాసలో జాగా ఒకటుంది. ఇప్పుడే ఎల్దుము."

"అదేటి బాబూ, ఒకవైపు ముగ్గు పోసేశాను కదా," అన్నాడు మేస్త్రీ, సున్నం డబ్బా పట్టుకుని ఏం చెయ్యాలో తెలీక.

ధనరాజు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. "ఉండనీ. వర్సం వత్తే పోతాదిలే," అన్నాడు. నేను గెలిచాను గానీ, వెళ్లి అతని పక్కన నిలబడ్డానికి నాకు కాళ్లు రాలేదు.